వేసవి దినములు - పసిపిల్లలుగల పెద్ద కుటుంబము

ఏప్రిల్ చివరివారమున బడులు మూతపడుటతోడనే తెలుగునాట అనేక గృహములలో జనసంఖ్య ఒక్కసారిగా రెట్టింపగును. పట్టణములలో ఉద్యోగములు చేయు కుమారులు భార్యాబిడ్డలతో స్వగ్రామమునకు వత్తురు. అత్తవారిండ్లనుండి ఆడపడుచులు పుట్టింటికి చేరుదురు. పల్నాటి సీమలో అట్టి ఇల్లు ఒకటి యున్నదనుకొందము. ఇంటి పెద్ద, ఆయన భార్య, ముగ్గురు కుమారులు, ముగ్గురు కోడండ్రు, పుట్టింటికి వచ్చిన ఇద్దరు కుమార్తెలు, నాలుగు మాసముల చంటిబిడ్డ మొదలు పదమూడేండ్ల బాలునివరకు తొమ్మండుగురు పిల్లలు. ఇంటి పెద్దావిడ ఆ పిల్లలలో కొందరికి నాయనమ్మ, కొందరికి అమ్మమ్మ. పెరటిలో బావి, వేపచెట్టు. వసారాలో ఇసుకమీద నిలిపిన నీళ్ళకుండ. సావిటిలో ఒక కూలరు.

ఇట్టి ఇంట మే నెలలో నొకనాడు జరుగగల సంగతి యిది. ఆనాడు ఆవకాయ కలుపుచున్నారు. పెద్దలందరి చేతులకు కారము, నూనె. ఏడాదిన్నర పిల్లవాడు పదిగంటల వేళ మారాము చేయగా మేనత్త ఎత్తుకొని సావిటిలోనికి వెళ్ళినది. పిల్లవానికి మజ్జిగ అన్నము ఆడపడుచు తినిపించి యుండునని తల్లి తలచినది. తల్లి యెప్పుడో పాలిచ్చి యుండునని ఆడపడుచు తలచి, వానిని పెద్దపిల్లలయొద్ద దింపి వచ్చినది. పెద్దపిల్లలు ఆటలోపడిరి. నాయనమ్మ రెండుమారులు తొంగిచూచి, పడమటి కిటికీప్రక్క పిల్లవాడు కదలక పడియుండుట గాంచి, బాగుగా నిద్రించుచున్నాడని సంతోషించినది. నాలుగు గంటలకు లేపబోగా వాడు కన్నులు తెరచుటకే కష్టపడెను. పెదవు లెండినవి, ఉదయము తొడిగిన లాగు అట్లే పొడిగా నున్నది. ఏడ్చినను కంట నీరు రాలేదు.

పిల్లవానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోగా అచ్చట చెంచాతో కొంచెము కొంచెముగా పట్టిన ద్రవముతో రాత్రికి తేరుకొన్నాడు. ఆ ఇంట నీటికి కొదువలేదు, పాలకు కొదువలేదు, ప్రేమకు అసలే కొదువలేదు. పదిమంది పెద్దలు ఇంటనే యున్నారు. ఆ పదిమందిలో ప్రతివారును మిగిలిన తొమ్మండుగురిలో ఎవరో యొకరు బిడ్డను చూచుచున్నారని నమ్మిరి. చిన్న కుటుంబములో ఒంటరి తల్లికి ఈ భ్రమ కలుగుటకు అవకాశము లేదు. పెద్ద కుటుంబమునకు గల బలములు అనేకము. వేసవిలో దానికి గల అపాయము మాత్రము ఇదియే.

శిశుదేహమునందలి విశేషము

పసిబిడ్డను పెద్దవాని చిన్న ప్రతిరూపముగా భావించుట పొరపాటు. బరువుతో పోల్చి చూచినచో బిడ్డ చర్మవైశాల్యము పెద్దవానికంటె ఎక్కువ. కావున చుట్టునున్న గాలి శరీరముకంటె వేడిగా నున్నప్పుడు ఆ వేడి బిడ్డ శరీరములోనికి త్వరగా ప్రవేశించును. చెమట పట్టి చల్లబడు శక్తి బిడ్డకు తక్కువ. నీటి లెక్కయు ఇట్లే. అరువది కిలోగ్రాముల మనుష్యుడు ఒక లీటరు నీటిని కోల్పోయినచో తన బరువులో అరువదవ వంతు పోయినట్లు. అతనికి దాహము వేయును, త్రాగును, తేరుకొనును. పదికిలోగ్రాముల బిడ్డకు అదే లీటరు పదవవంతు, అది ప్రాణాపాయస్థితి. పైగా దాహమని చెప్పుటకు వానికి మాటలు రావు, కుండకడకు పోవుటకు కాళ్ళు చాలవు.

ఎండ ప్రాణములు తీయునని మన పూర్వులకు తెలియని సంగతి కాదు. దాని పరిమాణము మాత్రము ఇటీవలనే లెక్కకు వచ్చినది. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరమున ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటినప్పుడు, ఆ నెలలో సాధారణముగా జరుగు మరణములకంటె 1,344 అధికముగా జరిగినవని పరిశోధకులు లెక్కించిరి. ఆ అనుభవమునుండియే 2013లో ఆ నగరము వడగాడ్పుల కార్యప్రణాళికను రూపొందించుకొన్నది. దక్షిణాసియాలో అట్టి ప్రణాళికలలో అదియే మొదటిది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటిలో కలిపి సుమారు రెండువేల మంది వడగాడ్పులకు బలియైరి.

అహమ్మదాబాదు అనుభవములో గృహస్థులు ప్రత్యేకముగా గ్రహింపదగిన అంశ మొకటి కలదు. ఆ నగరములోని ఒక ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగము డాబాక్రింది పైయంతస్తులో నుండెడిది. దానిని క్రింది అంతస్తునకు మార్చిన పిమ్మట ఎండవేడిమివలన జబ్బుపడు శిశువుల సంఖ్య తగ్గినది. మందు మారలేదు, వైద్యులు మారలేదు; గది మారినది. మన ఇండ్లలో బాలింతకును బిడ్డకును సందడికి దూరముగా మేడమీది గది నిచ్చుట ఒక మర్యాదగా నున్నది. వేసవిలో ఈ మర్యాదను విడుచుటయే మేలు. సిమెంటు డాబా పగలెల్ల త్రాగిన ఎండను రాత్రి లోపలికి విడుచును. రేకుల కప్పైనచో చెప్పనక్కరలేదు. ఇంటిలో అన్నిటికంటె చల్లని గది ఏదో కనుగొని, అది ఎవరికి చెందినదైనను, మధ్యాహ్నవేళ దానిని చంటిబిడ్డలకు విడువవలెను.

మైదాన ప్రాంతములలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరి, ఆ కాలమున సహజముగా నుండవలసినదానికంటె నాలుగున్నర డిగ్రీలు మించినప్పుడు, లేక 45 డిగ్రీలకు చేరినప్పుడు, భారత వాతావరణ శాఖ దానిని వడగాడ్పుగా పరిగణించును. రేడియోలోనో, చేతి ఫోనులోనో ఈ హెచ్చరిక వినవచ్చిన దినమున ఆవకాయవంటి పెద్ద పనులు రెండుదినములు వాయిదా వేసికొన్నందున మామిడికాయ చెడిపోదు.

వంతు

చెరువు క్రింద సాగుచేయు గ్రామములలో నీరటికాడు అను నొక మనుష్యుడుండెడివాడు. రాయలసీమలో ఆతనిని నీరుగంటి యందురు. తూము తెరచుట, మూయుట, ఏ మడికి ఎంత నీరు చేరినదో చూచుట ఆతని పని. నీరు ఊరివారందరిది; తూము మాత్రము ఒకని చేతిలోనిది. అందరును తూమువద్దకు పోయిననాడు చివరిమడి ఎండిపోవునని రైతులకు తెలియును. పిల్లలు పదిమందిగల ఇంటికిని అట్టి నీరటికాడు కావలెను.

ఏర్పాటు కష్టమైనది కాదు. ఉదయము ఆరు గంటలనుండి రాత్రివరకు గల కాలమును నాలుగు వంతులుగా విభజించి, ఒక్కొక్క వంతు ఒక్కొక్క పెద్దవారు తీసికొనవలెను. వంతు తీసికొన్నవారికి ఆ సమయమున వేరు పనియుండరాదు. వంట, బట్టలుతుకుట, పేకాట, ఫోను మాటలు ఏవియు పనికిరావు. వంతు మారునప్పుడు నోటితో చెప్పి మార్చవలెను: “చిన్నవాడు తొమ్మిదింటికి పాలు త్రాగినాడు, ఇంతవరకు రెండుసార్లు మూత్రము పోసినాడు, ఇక నీవు చూడుము” అని చెప్పి, ఎదుటివారు “సరే” యనినగాని లేవరాదు. ఈ చిన్న మాట ఆడుటకు సిగ్గుపడువారు, తమ ఇంటి తాళపుచెవులు మాత్రము ఎవరిచేతి కిచ్చినది జ్ఞాపకముంచుకొందురు గదా!

వంతు పురుషులకును వర్తించును. సెలవుమీద వచ్చిన కుమారులు పడకకుర్చీలలో వార్తాపత్రిక చదువుచు “పిల్లలు ఎక్కడ?” అని లోపలికి కేకవేయుట వంతుక్రింద లెక్కకు రాదు. అట్లే తొమ్మిది, పదేండ్ల ఆడపిల్లల చంకకు చంటిబిడ్డలనెత్తి నిశ్చింతగా నుండు అలవాటు మన యిండ్లలో ఎక్కువ. అక్క ఆడించవచ్చును, జోలపాడవచ్చును. ప్రాణభారము మాత్రము ఆమెపై మోపుట న్యాయము కాదు, క్షేమమును కాదు. ఆమెయు బిడ్డయే. ఆమెకును ఎండ తగులును, ఆమెకును ఆట కావలెను.

పొరుగుదేశమైన బంగ్లాదేశ్‌లో నేర్చిన పాఠము ఇచ్చట మనకు మిక్కిలి ఉపయోగపడును. అచ్చటి పల్లెలలో నీట మునిగి మరణించు పసివారినిగూర్చి విచారింపగా, అత్యధిక ప్రమాదములు ఉదయము 9 గంటలకును మధ్యాహ్నము 1 గంటకును నడుమ, ఇంటికి కొలది అడుగుల దూరముననే, తల్లులు ఇంటిపనులలో మునిగియున్న వేళ జరుగుచున్నట్లు తేలినది. అందుచే ఆ నాలుగు గంటలు పిల్లలను ఒకచోట చేర్చి, శిక్షణ పొందిన యొక స్త్రీ కంటిముందు నుంచు ఏర్పాటును గ్రామగ్రామమున చేసిరి. దానికి వారు పెట్టిన పేరు అంచల్. మన కొంగు వంటి మాట. అచ్చటి పిల్లలలో మునక మరణములు చాలవరకు తగ్గినవి. నీటి గుంటలు ఎక్కడివక్కడనే యున్నవి. చూచు కన్ను ఎవరిదో తెలిసినది, అంతే.

పసివానికి మునుగుటకు చెరువే కానక్కరలేదు. స్నానమునకు పట్టిన గంగాళము, పశువుల కుడితితొట్టి, మూతలేని సంపు, జానెడు నీరున్న బకెట్టు చాలును. తల బరువుగల పసివాడు తొంగిచూచి పడినచో తిరిగి లేవలేడు, అరవలేడు కూడ. పని ముగియగనే బకెట్టు బోర్లించుట, సంపునకు మూత, బావికి గిలకక్రింద వల, ఇవి వేసవికి ముందుగనే చూచుకొనవలసినవి. పెద్దపిల్లలు కాలువకో, క్వారీగుంటకో ఈతకు పోవుట వేసవి ఆనందములలో నొకటి. ఈత వచ్చిన పెద్దవాడు ఒడ్డుననుండగా పోవలెను, లేనిచో పోరాదు.

కుండనీరు, తల్లిపాలు

మట్టికుండకు కంటికి కానరాని రంధ్రములుండును. వాటిద్వారా చెమర్చిన నీరు ఆవిరియగుచు లోపలి నీటి వేడిని హరించును. గాలి పొడిగానుండు రాయలసీమలోను, తెలంగాణములోను కుండ బాగుగా చల్లబడుటయు, ఉక్కపోసెడి సముద్రతీరమున అంతగా చల్లబడకుండుటయు ఇందువలననే. వట్టివేళ్ళ తడికెలకును, కూలరునకును ఇదే సూత్రము. కుండనీరు ఐసుపెట్టె నీటికంటె పిల్లల గొంతుకు హితమే. అయితే కుండలో ముంచు చేతినిబట్టి దాని గుణముండును. పందొమ్మిదిమంది చేతులు పెట్టు కుండ పందొమ్మిదిమంది రోగములకు నిలయము. పొడవు కాడగల గరిటెనో, క్రింద కుళాయి బిగించిన కుండనో వాడవలెను. కాచి చల్లార్చిన నీరు, లేక శుద్ధిచేసిన నీరు మాత్రమే దానిలో పోసి, కుండను దినమున కొకమారు లోపల తోమవలెను.

ఆరు మాసములు నిండని బిడ్డకు ఈ కుండతో పనిలేదు. ఈ మాట వినిన పెద్దలకు ఆశ్చర్యము కలుగవచ్చును. కొందరికి కోపమును రావచ్చును. “రోళ్ళు పగులు ఎండలో బిడ్డ గొంతు తడపవద్దందువా?” అని నాయనమ్మలు అడుగుదురు. గొంతు తడపవలసినదే, తల్లిపాలతో తడపవలెను. తల్లిపాలలో నూటికి సుమారు 88 పాళ్ళు నీరే. మిక్కిలి వేడిగల దేశములలో పరీక్షించి చూచినను, కేవలము తల్లిపాలు త్రాగు బిడ్డలకు వేరు నీరు అవసరము లేదని తేలినది. చెంచాడు నీరుపోసినచో ఆ చిన్ని కడుపు నిండి బిడ్డ పాలు తక్కువగా త్రాగును. పాలు తక్కువగా త్రాగినకొలది తల్లికి పాలుత్పత్తి తగ్గును. నీటితోపాటు విరేచనముల క్రిములును ప్రవేశించును. ఎండదినములలో బిడ్డ మరికొన్నిసార్లు పాలకై ఏడ్చుట సహజము. అడిగినన్నిసార్లు, రాత్రియు పగలును, ఇవ్వవలసినదే. పంచదార నీరు, తేనె, సబ్జానీరు ఈ వయస్సున తగవు. ఏడాది నిండువరకు తేనె పూర్తిగా నిషిద్ధము.

కావున చంటిబిడ్డకు నీరిచ్చుట యనగా దాని తల్లికి నీరిచ్చుట. పెద్ద కుటుంబములో ఇది అనుకొన్నంత సులభము కాదు. ఇంటివారందరును భోంచేసినపిదప కోడలు తినుట. పొయ్యివద్ద మూడుగంటలు నిలుచుట. మగవారు, బంధువులు వసారానిండ కూర్చుండగా మరుగుదొడ్డికి పోవుటకు సంకోచించి, అందుకొరకే నీరు త్రాగుట తగ్గించుకొనుట. ఇవి ఎవరును పైకి చెప్పని సంగతులు. బాలింత పాలు తగ్గినవని మందులకు పరుగెత్తువారు, ఆమె ఉదయమునుండి ఎన్ని గ్లాసుల నీరు త్రాగినదో అడిగి చూచినచో కారణము తెలియగలదు. బిడ్డకు పాలిచ్చుటకు కూర్చుండినప్పుడెల్ల ఆమె చేతికి పెద్ద గ్లాసుడు మజ్జిగయో, నీరో అందించుట వంతులో నున్నవారి మొదటి విధి. ఈ పని అత్తగారు స్వయముగా చేసినచో ఆ ఇంట మరియొకరికి ఉపదేశమవసరముండదు.

ఆరు మాసములు దాటిన పిల్లలకు నీరు అడుగకముందే ఇవ్వవలెను. ఆటలో నున్న బిడ్డ దాహము నెరుగడు. గంటకొకమారు పిల్లలందరిని వేపచెట్టు క్రిందికి పిలిచి, తలకొక గ్లాసు చేతికిచ్చి, త్రాగువరకు నిలుచుట మంచిపద్ధతి. పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, నిమ్మరసపు నీరు, రాగిఅంబలి, కొబ్బరినీరు, తాటిముంజలు మన సీమకు ప్రకృతి యిచ్చిన వేసవి ఔషధములు. ముంజలు రెండు మూడేండ్ల పిల్లలకు నలిపి పెట్టవలెను. జారి గొంతుకడ్డుపడు ప్రమాదము కలదు. సీసాలలో అమ్ము రంగుపానీయముల వలన జేబుకును, పండ్లకును నష్టమేగాని దాహము తీరదు. బిడ్డకు చాలినంత నీరు చేరినదా లేదా యనుటకు మూత్రమే సాక్షి. లేతరంగుతో దినమునకు ఐదారుమారులైనను వచ్చినచో చింతలేదు. ఆరుగంటలు గడచినను రాకున్న, లేక ముదురు పసుపుగా నున్న, వెంటనే పట్టించుకొనవలెను.

వంటయిల్లు

వేసవిలో వంట తెల్లవారుజామున ముగించు పాతపద్ధతికి మించినది లేదు. ఎనిమిదింటికి పొయ్యి ఆర్పినచో ఇల్లు రెండుడిగ్రీలైనను చల్లగా నుండును. వండిన స్త్రీకి విశ్రాంతి కలుగును. కాని ఉదయము వండిన పప్పు, కూర రాత్రివరకు బల్లపై నుంచుట ఈ కాలమున తగదు. ఎండదినములలో వండిన పదార్థము రెండుగంటలకు మించి బయట నున్నచో అందు క్రిములు వేగముగా వృద్ధినొందును. వాసన చూచి మంచిదనుట పొరపాటు. అపాయకరమైన క్రిములలో అనేకము వాసన నీయవు. చల్లనిపెట్టె లేనియెడల పిల్లలవంతు విడిగా, తక్కువగా, రెండుపూటల వండుటయే మార్గము. పెరుగన్నము మేలైనదే, పెరుగు నాటిదిగా నుండి, అన్నము అప్పటిదైనచో మరియు మేలు. పెండ్లి విందులలో మిగిలిన పాలకోవా, గుడ్లకూర మరునాడు పిల్లలకు పెట్టరాదు.

విరేచనములు పట్టినప్పుడు

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను, పెద్ద కుటుంబములో ఒకబిడ్డకు విరేచనములు పట్టినచో మూడవనాటికి మరి ఇద్దరికి పట్టును. దీనికి భయపడనక్కరలేదు, తెలిసియుండవలెను. విరేచనములవలన బిడ్డ మరణించునది క్రిములచేత కంటె నీరు, లవణములు పోవుటచేతనే. పోయినదానిని పోయినట్లే నోటిద్వారా తిరిగి యిచ్చినచో బిడ్డ నిలుచును.

ఈ సత్యము లోకమునకు తెలిసిన తీరు మన దేశచరిత్రలో నొక గౌరవనీయ ఘట్టము. 1971లో తూర్పు పాకిస్తానునుండి పశ్చిమ బంగాళములోని బన్‌గావ్‌నకు వచ్చిన శరణార్థులలో కలరా ప్రబలినది. నరములలో ఎక్కించు సెలైను చాలకపోగా, డాక్టరు దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు తగుపాళ్ళలో కలిపిన నీటిని పీపాలలో నుంచి, రోగుల బంధువులచేతనే త్రాగించిరి. ఆ చికిత్స కేంద్రములో మరణములు నూటికి ముప్పదినుండి నాలుగింటికంటె తక్కువకు దిగినవి. నర్సులులేనిచోట తల్లులు, అక్కలు, మేనమామలు గ్లాసు పట్టుకొని రాత్రింబవళ్ళు కూర్చుండిరి, ప్రాణములు నిలిపిరి. పెద్ద కుటుంబమునకు గల బలము ఎట్టిదో ఇందు కాననగును.

నేడు ఆ మందు ఓ.ఆర్.ఎస్. పొట్లముల రూపమున ఆశా కార్యకర్తవద్ద, అంగన్‌వాడీ కేంద్రమున, ఆరోగ్య కేంద్రమున ఉచితముగా లభించును. ఒక లీటరునకైన పొట్లమును సరిగా ఒక లీటరు శుద్ధజలములో పూర్తిగా కలుపవలెను. సగముపొట్లము సగముగ్లాసులో కలుపుట, రుచికై పంచదార చేర్చుట కూడదు. కలిపిన ద్రావణము ఇరువదినాలుగు గంటలు దాటినచో పారబోయవలెను. ప్రతి విరేచనము తరువాత రెండేండ్లలోపు బిడ్డకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకంటె పెద్దబిడ్డకు 100 నుండి 200 మిల్లీలీటర్లు, చెంచాతోనో గుక్కగుక్కగానో పట్టవలెను. వాంతియైనచో పదినిముషములాగి, మరల నెమ్మదిగా పట్టవలెను. పొట్లము లేనిచో ఒక లీటరు నీటిలో తలకొట్టిన ఆరు టీచెంచాల పంచదార, తలకొట్టిన అరచెంచా ఉప్పు కలుపుకొనవచ్చును. ఉప్పు ఎక్కువైనచో హాని. కన్నీటికంటె ఉప్పగా నుండరాదు. దీనితోపాటు ఆరు మాసములు దాటిన బిడ్డకు దినమునకు 20 మిల్లీగ్రాముల జింకు మాత్రను 14 దినములు, రెండునుండి ఆరు మాసముల బిడ్డకు అందు సగము ఇవ్వవలెను. విరేచనములు రెండవనాడే ఆగినను మాత్ర ఆపరాదు. తల్లిపాలు గాని అన్నము గాని మాన్పరాదు. పస్తుంచుట పాత దురభ్యాసము.

అంగడిలో ఓ.ఆర్.ఎస్. అను అక్షరములు ముద్రించిన తియ్యని పానీయపు డబ్బాలు చాలకాలము అమ్ముడైనవి. అందు పంచదార మిక్కుటముగా నుండుటచే విరేచనములు హెచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమునకు సరిపడని పానీయములపై ఆ పేరు వాడరాదని ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించినది. కొనునప్పుడు పొట్లముపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమని యున్నదా యని చదివి కొనవలెను.

బిడ్డ కన్నులు గుంటలుపడుట, నడినెత్తిన మెత్తనిచోటు లోనికి దిగుట, పొట్టచర్మము చిటికెడు పట్టి విడిచినచో మెల్లగా సర్దుకొనుట, త్రాగలేకపోవుట, మత్తుగా పడియుండుట, విరేచనములో రక్తము, వీనిలో ఏ యొక్కటి కానవచ్చినను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దారిపొడుగునను ద్రావణము పట్టుచునే యుండవలెను.

వడదెబ్బ

శరీరము 40 డిగ్రీలకు మించి కాగి, బిడ్డ మాటలు తడబడుట, తూలుట, మూర్ఛ పోవుట, స్పృహతప్పుట వడదెబ్బ లక్షణములు. ఇది జ్వరము కాదు. జ్వరపుమాత్ర దీనికి పనిచేయదు. బిడ్డను నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్ళంతయు మామూలు నీటితో తడిపి, విసరుచుండవలెను. ఒకరు తడుపుచుండగా మరియొకరు 108కి ఫోను చేయవలెను. స్పృహలేని బిడ్డ నోట నీరు పోయరాదు, ఊపిరితిత్తులలోనికి పోవును. ఉల్లిరసము అరికాళ్ళకు పూయుట, దిష్టితీయుట మొదలైనవాటితో గడచు ప్రతి నిముషము బిడ్డకు నష్టమే. చల్లార్చుట ముందు, ప్రయాణము తరువాత.

ఇంటిముందు చెట్టునీడ నిలిపిన కారును మరువరాదు. పిల్లలు దాగుడుమూతలకు అందు దూరుదురు. తలుపు పడును, లోనుండి తీయ చేతకాదు. ఎండలో మూసిన కారు లోపలి వేడి పదినిముషములలోనే పదిడిగ్రీలు పెరుగును. బంధువులు వచ్చినదినములలో ఈ అపాయ మధికము. కారు ఎప్పుడును తాళమువేసి, చెవులు ఎత్తైనచోట నుంచవలెను. ఒకబిడ్డ కనిపించలేదన్నచో మొదట వెదకవలసినవి బావి, సంపు, కారు. ఇరుగుపొరుగిండ్లు ఆ తరువాత.

సాయంకాలమునుండి ఉదయమువరకు

పొద్దు వాలినపిమ్మట వాకిట నీళ్ళుజల్లి, పిల్లలకు స్నానములు చేయించి, మంచములు డాబాపైకెక్కించుట వేసవిలో ఇల్లెల్ల ఎదురుచూచు వేళ. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు మించిన పగలు పంకా వేడిగాలినే విసరును. రాత్రి ఆరుబయటి గాలికి ఆ దోషము లేదు. పిట్టగోడ పిల్లవాని ఛాతీకంటె ఎత్తుగా లేనిచో డాబాపై పిల్లలను పరుండబెట్టరాదు. నేలపై చాపకంటె మంచము మేలు. దోమతెర అంచులు పరుపుక్రిందికి దోపినచో దోమకే గాక తేలునకును, పామునకును అడ్డముగా నుండును. కూలరు తొట్టిలోని నీటిని వారమున కొకమారైనను పూర్తిగా పారబోసి, తోమి, ఆరబెట్టవలెను. నిలువనీటిలో డెంగీ దోమ వారము పదిదినములలో గ్రుడ్డునుండి రెక్కలు తొడుగును. కూలరు రేకునకు విద్యుత్తు పాకినదేమో వేసవి మొదటనే ఎలక్ట్రీషియనుచే చూపించవలెను. తడినేలపై వట్టికాళ్ళతో దాని నంటుకొనునది పిల్లలే.

రాత్రివంతు తీసికొన్నవారు దీపమార్పుటకు ముందు మంచము మంచమునకు పోయి పిల్లలను పేరుపేరున లెక్కించి, చంటిబిడ్డ తల్లి ప్రక్కన నీరు నిండిన చెంబు, పెద్దపిల్లల కందునట్లు మూత బిగించిన మరచెంబు ఉంచి, తెల్లవారి ఎవరి వంతో వారికి చెప్పి పరుండవలెను.